బొద్దక్షరం

సోమవారం పొద్దున ప్రెస్సు తలుపులు తీసి గంట కాకముందే స్థలాల ఆఫీసరు స్వయంగా వచ్చినప్పుడే అచ్చులమ్మకి అనుమానం రావలసింది. ఆ ఆఫీసు కాగితాలు ఎప్పుడూ బంట్రోతు చేతే వస్తాయి. ఈసారి ఆయనే వచ్చాడు. కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు. జేబులోంచి మడత కాగితం తీసి యజమాని చేతిలో పెట్టాడు.

"మూడువందల ప్రతులు. రేపటికల్లా కావాలి. అక్షరం మాత్రం నేను చెప్పిందే వెయ్యాలి. ఆసుపత్రివాళ్ళ టీకాల కాగితం మీద వేస్తారే, లావుగా, గుండ్రంగా, అది."

యజమాని అక్షరాల కేసుల వైపు చూశాడు. అక్కడ నిలబడి సీసపు అక్షరాలు ఏరి కూర్పు చేస్తున్న అచ్చులమ్మ చెయ్యి ఆగింది.

"బొద్దక్షరమా?" అంది.

"దాని పేరేదో మీకే తెలియాలి."

ఆ ప్రెస్సులో అక్షరాలకి పేర్లున్నాయి. సీసం పోతపోసినవాళ్ళు పెట్టిన పేర్లు కావు, వాటితో పనిచేసేవాళ్ళు పెట్టుకున్నవి. బొద్దక్షరానికి ప్రతి గీత కిందా దిమ్మలాంటి పాదం ఉంటుంది. గీత ఎక్కడా సన్నబడదు, మొదలు నుంచి చివరిదాకా ఒకటే లావు. అంత లావున్నా మూలలు మాత్రం కోసుకోవు, వాడి వాడి అరిగిన సబ్బుబిళ్ళలా నున్నగా తిరుగుతాయి. చవక కాగితం మీద సిరా కాస్త పాకినా దానికేం కాదు. చత్వారం వచ్చినవాళ్ళు చెయ్యి చాపి పట్టుకున్నా కనబడుతుంది. తక్కిన అక్షరాలు నిలబడి ఉంటే అది పీట వేసుకుని కూర్చున్నట్టుంటుంది. రెండోది సూదక్షరం. సన్నగా, పొడుగ్గా, కొసలు ముల్లులా ఉంటాయి. దాని పక్కన దీన్ని పెడితే ఒకే బడిలో పంతులమ్మా, పాలు తాగే పిల్లా అన్నట్టు ఉంటుంది.

ఇప్పటి యజమాని తండ్రి బతికున్న రోజుల్లో ఒక కట్టుబాటు పెట్టాడు. మంచి కబురైతే బొద్దు, చెడ్డ కబురైతే సూది. బడి తెరిచే రోజు, టీకాలు వేసే రోజు, పాలు పంచే వేళ, మందుసీసా మీద చీటీ, పిల్లల వాచకం, ఇవన్నీ బొద్దులో. వేలం, జరిమానా, కోర్టు పిలుపు, మిల్లు మూత, ఇవి సూదిలో. "చదవలేనివాడు కూడా గోడ దగ్గరికొచ్చే లోపల గుండె చిక్కబట్టుకోవాలిగా," అనేవాడు పెద్దాయన. ముప్ఫై ఏళ్ళుగా ఆ కట్టుబాటు తప్పలేదు. ఊళ్ళో సగం మందికి అక్షరం ముక్క రాకపోయినా, గోడ మీద కాగితం ఏ రకందో వీధి చివరినుంచే చెప్పేస్తారు.

అందుకే అచ్చులమ్మ అడిగింది. "మంచి కబురేనా అండీ?"

"చదువుకో," అన్నాడు ఆఫీసరు.

చదువుకుంది. "కాలవగట్టు నివాసులకు. గురువారం ఉదయం తొమ్మిది గంటలకు పిల్లలు, వృద్ధులతో సహా కుటుంబమంతా బడి మైదానానికి రావలెను. పేర్లు రాసుకుని కొత్త ఇళ్ళ చీట్లు ఇవ్వబడును. రానివారికి చీటీ ఉండదు."

అచ్చులమ్మ ఆ కాగితం రెండోసారి చదివింది. కాలవగట్టు మీద పదకొండో ఇల్లు ఆమె చెల్లెలిది. ఈ లోకంలో ఆమెకున్నది ఆ చెల్లెలొక్కతే.

ఆ రోజు ఆమె కూర్చినట్టు ఎన్నడూ కూర్చలేదు. బొద్దక్షరాల కేసు కిందికి దించి, గదిగదినీ ఊది దుమ్ము పోగొట్టింది. అరిగిన ముక్కల్ని ఏరి పక్కన పడేసింది. మాటకీ మాటకీ మధ్య సందు సరిపోయిందా లేదా అని వేలిగోటితో కొలిచి చూసుకుంది. "కొత్త ఇళ్ళ" అన్న మాట ఒక్కటే వరసలో పడాలని పై వరస రెండుసార్లు విప్పి కట్టింది. అచ్చుమిషను తొక్కే మిషన్ తాత తొక్కుడు పలక మీద కాలు పెట్టి చూస్తూ ఉన్నాడు.

"ఏంటి అచ్చులమ్మా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా?"

"మా చెల్లికి ఇల్లొస్తోంది తాతా."

"అయితే సిరా కాస్త దట్టంగా పడనీ," అన్నాడు తాత.

సాయంత్రం మొదటి మంచి ప్రతిని పైటచెంగులో ముడత పడకుండా చుట్టుకుని, ఊళ్ళో ఏ గోడ మీదా అంటించకముందే చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళింది.

చెల్లెలు గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతోంది. ఆ వరసలోనే ఉండే టైలరు చొక్కాలు కుట్టి పంపితే, వాటికి గుండీ దూరే కాజాలు తీసేది ఈమె. వేళ్ళ చివర్లు సూది పోట్లతో గరుగ్గా ఉంటాయి. గుడ్డ నుంచి తల ఎత్తకుండానే, "ఏంటక్కా, నడకలో ఊపు కనిపిస్తోంది, మీ యజమాని ప్రెస్సు నీ పేర రాసిచ్చాడా?" అంది.

"దానికంటే మంచిదే. చెయ్యి తుడుచుకో ముందు."

చెల్లెలికి చదువు రాదు. కాగితం అందుకుని బొటనవేలితో అక్షరాల మీద తడిమింది. సీసం నొక్కిన చోట కాగితం లోపలికి దిగి వేలికి తగులుతుంది. తడిమి, నవ్వింది.

"మన అక్షరమే. నా మోకాళ్ళ మందుసీసా మీద ఉంటుందే. ఏమంటోంది?"

అచ్చులమ్మ చదివి చెప్పింది. చెల్లెలు సూది గుడ్డకి గుచ్చి పెట్టింది. తరువాత తన గది గోడ వైపు చూసింది. ఆ గోడ ఇటుక ఇటుకా ఏరితెచ్చి ఆమె లేపిందే. పైన రేకు, వాన వస్తే లోపల మూడు గిన్నెలు.

"నిజంగా ఇల్లేనంటావా? పోయినేడు మిల్లు వెనక వాళ్ళకి ఏమయిందో చూశాంగా."

"అది సూదక్షరం కదే. ఇది నా చేత్తో నేను కూర్చాను. ఇందులో అబద్ధం ఉంటే నా చెయ్యి తెలుసుకోదూ?"

"నీ చెయ్యా! ఉప్పో పంచదారో చూడకుండా టీలో కలిపే చెయ్యి."

ఇద్దరూ నవ్వుకున్నారు. పక్కింటి గాజులావిడ నవ్వు విని వచ్చింది. గాజుల గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే మనిషి, గొంతు పెద్దది. విషయం విని గట్టంతా వినబడేలా ఒక్క కేక పెట్టింది. చీకటి పడేలోపల ఆ కాగితం నలభై ఇళ్ళు తిరిగొచ్చింది. తిరిగొచ్చేసరికి మడతల దగ్గర మెత్తబడిపోయింది.

బుధవారం మధ్యాహ్నానికి ముందు ఇంకో పని వచ్చింది. ఈసారి బంట్రోతే తెచ్చాడు. యజమాని కాగితాన్ని అచ్చులమ్మ బల్ల మీద పెట్టి, "సూదిలో వెయ్యండి, పాతిక ప్రతులు చాలు," అని తన బల్ల దగ్గర లెక్కల పుస్తకం తెరిచి కూర్చున్నాడు.

అచ్చులమ్మ అక్షరాలు పేర్చే స్టిక్కు ఎడమచేత్తో పట్టుకుని కూర్చడం మొదలుపెట్టింది. కూర్చేటప్పుడు చెయ్యి అక్షరాన్ని చూస్తుంది, కన్ను మాటని చూస్తుంది, అర్థం వరస నిండాక వస్తుంది. హెచ్చరిక. నూట పద్దెనిమిదో సర్వే నెంబరు. నలభై ఇళ్ళు తొలగించి ఖాళీ చేయబడిన స్థలము. గురువారం మధ్యాహ్నం నుంచి. లోపల అడుగుపెట్టినవారు శిక్షకు పాత్రులు.

చివరి వరస దగ్గర ఆమె చెయ్యి ఆగిపోయింది.

"బాబూ, ఈ నెంబరు ఏ చోటిది?"

యజమాని నీళ్ళు నమిలాడు. "ఆఫీసువాళ్ళ నెంబర్లు మనకేం తెలుస్తాయి?"

"నలభై ఇళ్ళట. గురువారమట. కాలవగట్టు కాదు గదా?"

యజమాని పుస్తకంలో పేజీ తిప్పాడు. మిషన్ తాత తొక్కుతున్న కాలు ఆపాడు.

"పోయినేడు మిల్లు వెనక ఏమైంది?" అన్నాడు తాత, ఎవరినీ చూడకుండా. "ఆడవాళ్ళు గడపలకి అడ్డంగా పడుకున్నారు. మూడు రోజులు ఇళ్ళు పడగొట్టే యంత్రం కదల్లేదు. ఈసారి గడపల మీద ఎవరూ ఉండకూడదనుకున్నారు. అంతే."

అచ్చులమ్మ చేతిలోని స్టిక్కు బల్ల మీద పెట్టింది.

"మీ నాన్నగారుంటే ఈ పని చేసేవారా బాబూ?"

"మా నాన్న ఉంటే ఆఫీసు పనులన్నీ ఇంకో ప్రెస్సుకి పోయేవి," అన్నాడు యజమాని. అతని గొంతులో కోపం లేదు, విసుగే ఉంది. "మీ పని కూర్చడం అచ్చులమ్మా. చదవడం కాదు. కూర్చి ఇచ్చెయ్యండి."

ఆమె కూర్చింది. వయసు అరవై రెండు. ప్రెస్సు వెనక యజమాని ఇచ్చిన కొట్టుగదిలో ఉంటుంది. కూర్చి, తడి ఆరని మొదటి ప్రతిని మడిచి రవికలో దోపుకుని, భోజనాల వేళ గంట కొట్టగానే బయటపడింది.

కాలవగట్టు మీద గోడలు కడుగుతున్నారు. వదిలిపోయే ఇళ్ళకి గోడలు కడగడమేంటో వాళ్ళకే తెలియదు, ఆనందం పట్టలేక ఏదో ఒకటి చెయ్యాలి కదా. దండేల మీద మంచి బట్టలు వేలాడుతున్నాయి. టైలరు తన కొడుకు చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నాడు. చెల్లెలు తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటోంది.

"రేపు ఇల్లు కదలకు," అంది అచ్చులమ్మ, గుమ్మంలో కూలబడుతూనే. "మీరెవరూ కదలొద్దు. అటు వెళ్ళగానే ఇటు పడగొట్టేస్తారు."

చెల్లెలు జుట్టు ముడి వేసుకుంది. "ఎండన పడి వచ్చావు, మంచినీళ్ళు తాగు ముందు."

"ఎండ కాదే. ఇదిగో, ఇవాళ కూర్చాను."

రవికలోంచి కాగితం తీసి విప్పింది. సూదక్షరం కనబడగానే గాజులావిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"అయ్యో, దాన్ని గడప లోపలికి తేకమ్మా! మంచి పని మీద బయల్దేరబోతుంటే!"

టైలరు చేతులు తుడుచుకుని వచ్చి చదివాడు. గట్టు మీద చదవగలిగినవాడు అతనొక్కడే. చదివినంతసేపూ అతని పెదవులు కదిలాయి. చదివి, ఇంకోసారి చూశాడు. ఒక్క క్షణం అతని ముఖం మారింది. అచ్చులమ్మ ఆ మార్పు చూసింది. తరువాత అతను ఇస్త్రీ చొక్కా వైపు, దాని పక్కనే నిలబడ్డ కొడుకు వైపు తిరిగి చూశాడు.

"నూట పద్దెనిమిది అని ఉంది," అన్నాడు. "కాలవగట్టు అని ఎక్కడుందమ్మా? నలభై ఇళ్ళు ఇంకెక్కడ లేవూ?"

"నువ్వు చదివావుగా నాయనా. గురువారం అని ఉందిగా."

"గురువారం అందరికీ వస్తుంది," అన్నాడు టైలరు. అందరూ నవ్వారు. ఆ నవ్వుతో విషయం తేలిపోయింది.

అందరూ వెళ్ళాక అక్కచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

"మొన్న నిజమన్నావు, ఇవాళ అబద్ధమంటున్నావు," అంది చెల్లెలు మెల్లగా. "ఏ రోజు మాట నమ్మమంటావు?"

"ఇవాళ్టిదే."

"కాగితం మాత్రం మారలేదుగా. మొన్నెలా ఉందో ఇవాళా అలాగే ఉంది."

"వాళ్ళు కావాలనే ఆ అక్షరం వేయించారే! నా చేత వేయించారు!"

"ముప్ఫై ఏళ్ళు చెప్పావు నాకు. ఈ అక్షరం ఉంటే భయపడకు, దగ్గరికెళ్ళి అడుగు అని నేర్పావు. ఇవాళ నాకిల్లు వచ్చేసరికి అది చెడ్డదయిందా?" చెల్లెలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో. "నేను కొత్తింటికి పోతే ఆ కొట్టుగదిలో నువ్వొక్కదానివే పడుంటావని బెంగ. అదైనా చెప్పు. నేనేమీ అనుకోను."

అచ్చులమ్మ సూదక్షరం కాగితాన్ని మళ్ళీ మడిచింది. ఆ బెంగ ఉన్నమాట నిజమే. సోమవారం రాత్రంతా ఆ బెంగతోనే దొర్లింది. నిజం పక్కనే ఇంకో నిజం పెట్టి కొడితే మనిషి ఏం జవాబు చెబుతుంది?

చివరికి, "నువ్వొక్కదానివైనా లోపల ఉండవే," అంది. "పక్కవాళ్ళ సంగతి వాళ్ళది. నువ్వు గడియ వేసుకుని కూర్చో."

"రానివారికి చీటీ ఉండదు," అంది చెల్లెలు. "చదివింది నువ్వే."

గురువారం అచ్చులమ్మ పనిలోకి వెళ్ళలేదు. తొమ్మిది దాటేసరికి గట్టు మీదికి చేరింది. మనిషన్నవాడు లేడు. ఊడ్చిన వాకిళ్ళు, కడిగిన గోడలు, నలభై తలుపులకీ నలభై తాళాలు. ఒక కోడి మాత్రం తిరుగుతోంది. పదకొండో ఇంటి గుమ్మంలో, తాళానికి వీపు ఆనించి కూర్చుంది. పోయినేడు ఆడవాళ్ళు ఇలాగే కదా ఆపారు, అనుకుంది. అప్పుడు వాళ్ళు వందమంది ఉన్నారు.

యంత్రం పది గంటలకు వచ్చింది. మొదటి ఇంటి రేకులు కిందపడ్డ చప్పుడుకి ఆమె చెవులు మూసుకుంది. ఒక్కొక్క ఇంటికీ ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టలేదు, కానీ గోడలు కట్టినంతసేపు పట్టలేదు. పదో ఇల్లు అయ్యాక మేస్త్రీ ఆమెను చూసి చెయ్యెత్తాడు. యంత్రం ఆగింది.

"ఎవరమ్మా నువ్వు?"

"ఈ ఇంటిదాన్ని. లేవను."

మేస్త్రీ వెనక్కి తిరిగి చూశాడు. స్థలాల ఆఫీసరు చేతిలో జాబితాతో నడిచొచ్చాడు. ఆమెను చూడగానే గుర్తుపట్టి, ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"ఈవిడ ఇక్కడి మనిషి కాదయ్యా, ప్రెస్సావిడ. మన కాగితం కూర్చింది ఈవిడే." ఆమె వైపు వంగి, పెద్దవాళ్ళతో మాట్లాడే మర్యాదతో అన్నాడు. "మీ పని చక్కగా కుదిరిందమ్మా. ఒక్క ప్రాణి మిగల్లేదు. పోయినేడు ఆ ముళ్ళ అక్షరాలతో వేయించి బుద్ధి తక్కువ పని చేశాం. ఎవరికీ దెబ్బ తగలకుండా అయిపోయింది చూడండి. మీ చెయ్యి మంచిది."

ఇద్దరు మనుషులు ఆమె రెక్కలు పట్టుకుని లేపారు. దురుసుగా కాదు. అచ్చులమ్మ ఆఫీసరు చెయ్యి పట్టుకుంది.

"నా తోబుట్టువిల్లు బాబూ. సామానైనా తీసుకోనివ్వండి."

ఆఫీసరు చేతి గడియారం చూసుకుని, సరేనన్నాడు. మేస్త్రీ గునపంతో తాళం పగలగొట్టాడు. రేకుపెట్టె, పరుపుచుట్ట, దారాల డబ్బా, మూడు గిన్నెలు బయటికి వచ్చాయి. చివరి గిన్నె తెచ్చేసరికి ఆమె రేకుపెట్టె మీద కూలబడబోయింది. "పెద్దావిడకి కుర్చీ వెయ్యండ్రా," అన్నాడు ఆఫీసరు. ఆయన కుర్చీయే తెచ్చి గొడుగు నీడలో వేశారు. వద్దనే ఓపిక లేక ఆమె కూర్చుంది. ఎవరో నీళ్ళ గ్లాసు చేతికిచ్చారు.

కాలవగట్టువాళ్ళు మధ్యాహ్నం తిరిగొచ్చారు. మైదానంలో నిజంగానే పేర్లు రాశారు, నిజంగానే చీట్లిచ్చారు. చీటీ మీద ఉన్న ఊరు ఎక్కడిదో అక్కడ అడిగినవాళ్ళకి, లారీ ఎక్కాక తెలుస్తుందన్నారు. మంచి బట్టల్లో, చేతుల్లో చీట్లతో నవ్వుతూ మలుపు తిరిగినవాళ్ళు తిరిగినట్టే నిలబడిపోయారు. ఎదురుగా గట్టు లేదు. ముప్ఫై తొమ్మిది ఇళ్ళ గిన్నెలు, మంచాలు, తిండిగింజలు, టైలరు మిషను, అన్నీ రేకుల కింద, మట్టి కింద.

ఒక్క ఇంటి సామాను మాత్రం చెక్కుచెదరకుండా పక్కన పేర్చి ఉంది. దాని పక్కన ఆఫీసరు గొడుగు కింద, ఆఫీసరు కుర్చీలో, చేతిలో నీళ్ళ గ్లాసుతో అచ్చులమ్మ కూర్చుని ఉంది.

ఏడుపు మొదలవడానికి ముందే గట్టువాళ్ళంతా అచ్చులమ్మను చూశారు. తరువాత పెట్టెను చూశారు. తరువాత తమ మధ్యలో నిలబడ్డ చెల్లెల్ని చూశారు.

"నీ సామాను భద్రంగా ఉందిగా తల్లీ," అంది గాజులావిడ. ఆమె గాజులన్నీ ఇంట్లోనే ఉన్నాయి. "అక్కచెల్లెళ్ళు బాగా మాట్లాడుకున్నారు."

"నాకేం తెలియదు వదినా! నాకేం తెలియదు!"

"ఆవిడ నిన్న వచ్చి చెబితే వినలేదు కదా మనం," అని టైలరు అనలేదు. ఆ కాగితం చదివినవాడు, ఆ మాట అనగలిగినవాడు అతనొక్కడే. అతను మట్టిలోంచి మిషను చక్రం బయటికి లాగుతూ తల వంచుకునే ఉన్నాడు.

అచ్చులమ్మ కుర్చీలోంచి లేచి దగ్గరికి రాబోయింది. చెల్లెలు చెయ్యెత్తి ఆపింది.

శుక్రవారం తెల్లవారాక లారీలు వచ్చాయి. రాత్రంతా గట్టు మీదే కూర్చున్నవాళ్ళు, మట్టిలోంచి ఏరుకున్నదాన్ని మూటలు కట్టుకుని ఎక్కుతున్నారు. చీటీ మీది ఊరు నూటపాతిక మైళ్ళట. అక్కడ ఇళ్ళు లేవట, ముగ్గు పోసిన హద్దులున్నాయట. ఈ సంగతి డ్రైవరు చెప్పాడు. చెప్పేసరికి కోపం చేసుకునే ఓపిక ఎవరికీ లేదు.

చెల్లెలు రెండు లారీల దగ్గరికీ వెళ్ళింది. మొదటిదాంట్లో చోటు లేదన్నారు. రెండోదాంట్లో చోటుంది. గాజులావిడ కాళ్ళు బార్లా చాపుకుని ఆ చోట్లో కూర్చుంది. "ముందే సామాను తీయించుకున్నవాళ్ళకి మాతో ఏం పని? వాళ్ళ ఆఫీసరు కారు పంపిస్తాడు," అంది, గాలితో అన్నట్టు. మిగతావాళ్ళు అటు తిరిగారు. చెల్లెలు రేకుపెట్టె పక్కన రోడ్డు మీద నిలబడిపోయింది.

అచ్చులమ్మ కాస్త దూరంలో ఉంది. తెల్లవారుజామునే వచ్చింది. పిలవాలంటే భయం, పోవాలంటే కాళ్ళు రావు.

లారీ వెనక గుమాస్తా కాగితాల అట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. "ఊళ్ళో సొంతవాళ్ళెవరైనా ఉన్నారా? ఉంటే చీటీ తిరిగిచ్చేసి వాళ్ళింట్లో ఉండొచ్చు. ఆ సొంతవాళ్ళు సంతకం పెట్టాలి." అందరూ లేరంటున్నారు. చెల్లెలి వంతు వచ్చింది.

"నేనున్నాను," అంటూ అచ్చులమ్మ ముందుకి వచ్చింది. వచ్చిన తొందరలో కాలు మడతపడింది. "నాకు గది ఉంది బాబూ. ఇద్దరం సరిపోతాం. సంతకం పెడతాను, ఎక్కడ పెట్టాలి?"

గుమాస్తా కలం ఆగింది. అతను అచ్చులమ్మను చూసి, చెల్లెల్ని చూశాడు.

"ఈవిడ నీకేమవుతుందమ్మా?"

లారీలో చంటిపిల్లనెవరో ఊరుకోబెట్టారు. మూటల మధ్యనుంచి ముప్ఫై ముఖాలు కిందికి చూస్తున్నాయి. చెల్లెలు అక్క వైపు చూడలేదు. పైకి, గాజులావిడ చాపిన కాళ్ళ వైపు చూసింది. కాజాలు కుట్టే వేళ్ళతో పైట కొంగు చివర మెలిపెట్టింది, విప్పింది.

"ఏమీ కాదండీ," అంది. "ప్రెస్సులో పనిచేస్తుంది."

"అయితే సొంతవాళ్ళు?"

"లేరు. రాసుకోండి."

గుమాస్తా రాసుకున్నాడు.

పైన గాజులావిడ కాసేపు అలాగే కూర్చుంది. తరువాత మెల్లగా కాళ్ళు ముడుచుకుంది. పక్కనున్న మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎక్కు," అని చెయ్యి కిందికి చాపింది.